మేస్టరు కోటు

కొలతలివ్వడానికి వచ్చిన మనిషి దర్జీ ముందు ఊరుకోడు. చంక కింద టేపు పెడితే చక్కిలిగింతంటాడు. నడుం చుట్టూ తిప్పితే ఊపిరి బిగబట్టి నవ్వుతాడు. పోయినేడాది కంటే తగ్గానా లేదా అని అడుగుతాడు. ఆ పొద్దున ఎర్రమెట్టలో రామూర్తి ఇంటి అరుగు మీదికి ఒకరి తర్వాత ఒకరు వచ్చిన బ్యాండువాళ్ళు మాత్రం చేతులెత్తమంటే ఎత్తారు, దించమంటే దించారు, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. కొత్త కోట్లు కదా, సిగ్గుపడుతున్నారు కాబోలని రామూర్తి అనుకున్నాడు. తన మేళం గురించి చెడ్డగా అనుకోవడం అతనికి చేతకాదు.

పలాసలో, టెక్కలిలో బోర్డులు కట్టుకుని, పెళ్ళికింతని మాట్లాడుకునే బ్యాండు మేళాలు చాలానే ఉన్నాయి. ఎర్రమెట్ట బ్యాండు ఆ బాపతు కాదు. తెల్లవారుజామున సముద్రం మీద వేటకెళ్ళొచ్చేవాళ్ళు, కొబ్బరికాయ దింపేవాళ్ళు, కాశీబుగ్గ జీడిపిక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు సాయంత్రం తుఫాను షెల్టర్లో చేరి నేర్చుకున్న విద్య అది. ఊరి ఆడపిల్ల పెళ్ళికి వాయిస్తారు, అమ్మవారి సంబరానికి వాయిస్తారు, ఊళ్ళో ఎవరు పోయినా కాటిదాకా వాయిస్తారు. ఆ ఇంటివాళ్ళు తాంబూలమిస్తే పుచ్చుకుంటారు, అన్నం పెడితే తింటారు. పరాయి ఊరు పిలిస్తే వెళ్ళరు. ఆ కట్టుబాటు పెట్టినవాడూ, వాళ్ళందరికీ వాయిద్యం పట్టుకోవడం నేర్పినవాడూ రామూర్తే.

ఈమధ్య అతను క్లారినెట్ ఊదడం మానేశాడు. ఊపిరి అందడం లేదు. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉంటుంది, సాయంత్రానికి ఆ వాపు పాదాల్లోకి దిగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నాయని, క్రియాటినిన్ పెరిగిందని వైజాగ్‌లో డాక్టరు చెప్పినప్పుడు భార్య కాసులమ్మ ఏడ్చింది గాని ఊరు పెద్దగా పట్టించుకోలేదు. ఉద్దానంలో అది కబురే కాదు, ఏ వీధిలో చూసినా అలాంటి ముఖం ఒకటి కనిపిస్తుంది. ఊదలేకపోయినా మేస్టరుగా పేము బెత్తం పట్టుకుని మేళానికి ముందు నడుస్తాడు రామూర్తి. బెత్తం లేస్తే మేళం లేస్తుంది, ఎడమ అరచెయ్యి కిందికి ఒత్తితే తగ్గుతుంది. ఆ నాలుగడుగులు ముందు నడవడం ఉన్నంతకాలం తనకి జబ్బేమీ లేనట్టేనని అతని లెక్క.

ఇప్పుడు నడవబోయేది భార్గవి పెళ్ళికి. భార్గవి తండ్రి జనార్దనరావుది ఎర్రమెట్టే. కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం పెట్టి, మేడ కట్టుకుని, ఊరివైపు రావడం తగ్గించాడు. అతని తల్లి ముసలమ్మ మాత్రం మనూరి బ్యాండు లేకపోతే పందిట్లోకి అడుగుపెట్టనని భీష్మించుకుని కూర్చుందట. దాంతో జనార్దనరావు ఎర్ర బట్ట తానులు, జరీ పట్టీ, మిలమిలలాడే కొత్త వాయిద్యాలూ పంపించాడు.

ఆఖర్న దాలయ్య వచ్చాడు. వేటకెళ్ళే మనిషి, పెద్ద డ్రమ్ము అతనిది. డ్రమ్ము మొయ్యడానికి దేవుడిచ్చిన బొజ్జ అని రామూర్తి ఎప్పుడూ వేళాకోళం చేసేవాడు.

"సేతులెత్తు బావా. ఈ బొజ్జకి ఒక తాను సరిపోదు, జనార్దనానికి కబురెట్టాల" అన్నాడు.

దాలయ్య నవ్వలేదు. చేతులెత్తి గోడమీద క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. టేపు తీసేశాక కూడా చేతులు దించలేదు.

"దించు బావా. ఏటలగున్నావు?"

"ఏం నేదు. నీ ఒంట్లో ఎలగుంది?"

"నాకేటి, బాగున్నాను. మందులు మింగతన్నాను."

దాలయ్య అరుగు దిగుతూ ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ వెళ్ళిపోయాడు. ఇంట్లో గొడవేమైనా అయిందేమోనని రామూర్తి జాలిపడ్డాడు.

మధ్యాహ్నం జనార్దనరావు దగ్గర గుమస్తాగా ఉన్న శ్రీను మోటారుసైకిలు మీద వచ్చాడు. న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం మిషను మీద పెట్టి, "మేస్టరు కోటుకి ఆది పంపించినారు. దీని ప్రెకారం కుట్టీమన్నారు" అని చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా బండి తిప్పుకున్నాడు.

రామూర్తికి నవ్వొచ్చింది. బట్ట కుట్టడానికి కొలత కింద ఇచ్చే పాత చొక్కాని ఆది అంటారు. దర్జీకే ఆది పంపించిన మొనగాడు జనార్దనరావే. నా చొక్కా వీళ్ళకెలా దొరికింది, కాసులమ్మ ఇచ్చిందా అనుకుంటూ పొట్లం విప్పాడు.

లేత నీలం చొక్కా. అతనిది కాదు. అయినా దాన్ని కుట్టింది అతనే. జేబు మూత ఏటవాలుగా ఉండాలని పట్టుబట్టి కుట్టించుకున్నవాడు తన మేనల్లుడు తారకేశ్వరరావు. మేళంలో మొదటి ట్రంపెట్ వాడిదే. పనిచేసేది జనార్దనరావు ఫ్యాక్టరీలోనే. పొద్దున్నుంచి కొలతలకి రానివాడు వాడొక్కడే అని రామూర్తికి అప్పుడు గుర్తొచ్చింది.

చొక్కాని రెండుసార్లు తిరగేసి చూశాడు. పొరపాటున వచ్చిందేమో, ట్రంపెట్ కోటుకి ఆదేమో అని సర్దిచెప్పుకోబోయాడు. కాని మేస్టరు కోటుకని శ్రీను స్పష్టంగానే చెప్పాడు. క్యాలెండరు వైపు చూసిన దాలయ్య, మాట్లాడకుండా చేతులెత్తి నిలబడ్డ మిగతావాళ్ళు, అందరూ ఒక్కసారే అర్థమయ్యారు. పొద్దున తన టేపు కింద నిలబడ్డ ప్రతివాడికీ మేస్టరు మారిన సంగతి తెలుసు. తెలిసే తన చేత కొలిపించుకుని వెళ్ళారు.

సాయంత్రం కాసులమ్మ వద్దంటున్నా చొక్కా చంకన పెట్టుకుని తారకేశ్వరరావుని వెతుక్కుంటూ బయల్దేరాడు. జీడితోటల మధ్య ఇసకదారిలో కాళ్ళు కూరుకుపోతున్నాయి. సగం దారిలోనే మేళం వినిపించింది. ఇవాళ ప్రాక్టీసుందని తనకెవరూ చెప్పలేదు. కొబ్బరిచెట్ల మీంచి వస్తున్న ఆ పాట తను కట్టిందే, పెళ్ళికొడుకు ఎదురుకోలుకి వాయించేది. రెండో చరణం దగ్గర ఎప్పుడూ తొందరపడే సైడ్ డ్రమ్ము ఇప్పుడూ తొందరపడింది. అలవాటుకొద్దీ రామూర్తి ఎడమ అరచెయ్యి కిందికి ఒత్తింది. తన చేతిని తనే చూసుకుని అతనికి తలకొట్టేసినట్టయింది.

షెల్టరు మెట్లెక్కేసరికి మేళం ఒక్కొక్క వాయిద్యంగా ఆగిపోయింది. అందరికీ ఎదురుగా తారకేశ్వరరావు నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్త బెత్తం, దానికి వెండిరంగు తొడుగు.

"మావా, నువ్వెందుకొచ్చినావు ఇంత దూరం. రేపు మేమే నీకాడికొద్దామనుకున్నాం" అన్నాడు.

"కొలతలకి నువ్వు రానేదు. సొక్కా పంపినావు. నా టేపు కింద నిల్సోడానికి మొకం సెల్లనేదేటి?"

వాడు తల దించుకున్నాడు. రామూర్తి చొక్కాని బల్ల మీద పెట్టాడు.

"సెప్పండిరా ఎవరో ఒకరు. నానేటి తప్పు సేసినాను?"

"నువ్వేటి సేత్తావు మావా. జనార్దన్రావు గారు అడిగినారు. పెళ్ళికొడుకోళ్ళు రాజమండ్రోళ్ళు. ఉద్దానం అంటే బెదిరిపోతన్నారు. బార్గవికి ఇంతకుముందు కుదిరినియ్యి కూడా అందుకే తప్పిపోనాయి. అందుకని మాది కాశీబుగ్గేనని సెప్పుకున్నారు. మేళం ముందర నువ్వు నడిత్తే, నీ మొకం, నీ కాళ్ళు సూసి ఎవడైనా ఇట్టే కనిపెట్టేత్తాడు."

"మేళమే ఒద్దనుకుంటే పోద్ది కదా."

"ముసలమ్మ గారు ఒప్పుకోనేదు."

"నాతో ఒక్క మాట అంటే నానే ఆగిపోదును కదరా."

అన్నాడు గాని, ఆగి ఉండేవాడో లేదో అతనికే తెలియదు. దాలయ్య డ్రమ్ము పట్టీ భుజం మీంచి తీసి కింద పెట్టాడు.

"నువ్వాగవు బావా. నీకు సెప్తే పెద్ద గొడవెట్టి మేళాన్నే ఆపేత్తావు. నీ సంగతి మాకు తెలీదేటి."

"మీ ఇళ్ళల్లో నేదా ఈ జబ్బు? మీ అమ్మ ఏటితో పోనాది దాలయ్యా?"

"ఉన్నాది బావా. ఇంట్లో ఉన్నాది. ఈదిలో అందరికంటే ముందు నడవనేదు" అన్నాడు దాలయ్య. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నాడు.

కిటికీలోంచి సముద్రపు గాలి వీస్తోంది. కొత్త వాయిద్యాల మీద ఇంకా ప్లాస్టిక్ కాగితం కూడా పూర్తిగా తియ్యలేదు.

"ఈ ఒక్క పెళ్ళికేనా?" అని అడిగాడు.

అతను ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చాడు. ట్రంపెట్ ఊదితే బుగ్గలు నొప్పని ఏడ్చినవాళ్ళు, తాళం పడక తన చేత మొట్టికాయలు తిన్నవాళ్ళు. దాలయ్య దగ్గర చూపు ఆగింది.

"మా పిల్ల ఉమకి కూడా సమ్మందాలు సూత్తన్నాను బావా" అన్నాడు దాలయ్య, వినిపించీ వినిపించనట్టు.

అదీ సంగతి. పరాయివాడైపోయిన జనార్దనరావు తన చోటుని ఒక్క రోజుకి అడిగాడు, సొంతవాళ్ళు ఎప్పటికీ ఇచ్చేశారు. రామూర్తి మళ్ళీ చొక్కా తీసుకుని చంకన పెట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే తారకేశ్వరరావు పట్టుకోబోయాడు. చెయ్యి విదిలించుకున్నాడు.

"బట్ట తిప్పి పంపించీ. కాశీబుగ్గలో దర్జీలు నేరేటి" అంది కాసులమ్మ మర్నాడు.

"నా మేళం ఇంకొకడు కుట్టిన కోట్లు తొడుక్కుని నడుస్తాదేటి?"

"ఇంకా నీ మేళమేటి నీ బొంద. అంతమందికి నేర్పినావు, ఒక్కడు నీ పక్క మాటాడినాడా? ఆ తారకేసుగాడు నా సేత్తో ఎన్నాళ్ళు తిన్నాడు. ఆడికి కోటు కుడతావా?"

రామూర్తి సుద్దముక్క తీసుకున్నాడు. ఎర్ర బట్ట పరిచి, ఒక్కొక్కరి కొలతా గీసి, కత్తిరించాడు. పొద్దున కాసేపు, ఎండ తగ్గాక కాసేపు కుట్టాడు. మధ్యలో నడుం పట్టేస్తే పక్కనే చాప మీద వాలేవాడు. జరీ పట్టీ మిషను కింద జారిపోతుందని చేత్తోనే కుట్టాడు. కాజాలు కాసులమ్మ తీసింది, తిడుతూనే తీసింది. కొబ్బరిచిప్పల బొగ్గులు వేసి ఇస్త్రీపెట్టె వేడిచేసి, కాలర్లకి మడత పెట్టింది కూడా ఆవిడే.

మేస్టరు కోటు చివరికి మిగిలింది. నీలం చొక్కా బట్ట మీద పెట్టి గీస్తుంటే రామూర్తికి ఒక ఆలోచన వచ్చింది. చంక దగ్గర కాస్త బిగిస్తే చాలు. నిలబడితే ఏమీ తెలియదు. రాజమండ్రివాళ్ళందరి ఎదటా బెత్తం పైకెత్తగానే కుట్టు పర్రుమంటుంది. ఆ చప్పుడు ఊహించుకుంటే ప్రాణానికి హాయిగా అనిపించింది. గీత కూడా లోపలికే గీశాడు. కత్తెర పట్టుకున్నాక చెయ్యి ముందుకి సాగలేదు. మేళం ముందు నడిచేవాడి చెయ్యి మిగతావాళ్ళ చేతికంటే ఎత్తు లేవాలి, ఆ సంగతి ఊళ్ళో తెలిసినవాడు తనొక్కడే. గీత చెరిపేసి, చంక కింద చిన్న ముక్క అదనంగా వేసి, వదులుగా కుట్టాడు. కుట్టినంతసేపూ మేనల్లుణ్ణి బూతులు తిడుతూనే ఉన్నాడు.

శ్రీను వచ్చి కోట్లు పట్టుకుపోయాడు. పెళ్ళిరోజు మధ్యాహ్నం రామూర్తి ఉతికిన చొక్కా తొడుక్కుంటుంటే కాసులమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పిలవని పేరంటానికి ఎందుకు?"

"సూసొత్తాను."

"ఏటి సూత్తావు? గొడవెట్టడానికి ఎల్తన్నావు."

ఆవిడ అన్నది నిజమే. ఈ రోజులన్నీ మిషను తొక్కుతూ అతను ఒకటే తలపోశాడు. మేళం విడిది నుంచి బయల్దేరి కళ్యాణ మండపం వీధిలోకి తిరగగానే తను రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడతాడు. చెయ్యెత్తుతాడు. ఇన్నేళ్ళు ఈ చేతిని చూసి వాయించినవాళ్ళు వెండి బెత్తాన్ని చూస్తారో ఈ చేతిని చూస్తారో తేలిపోవాలి. చెయ్యెత్తితే వాళ్ళు తనవైపు తిరుగుతారని అతనికి నమ్మకం. ఆ నమ్మకం కూడా పోతే ఇక తనకి మిగిలేది మందుల సంచి.

బస్సులో కాశీబుగ్గ చేరేసరికి ఎండ వాలింది. కళ్యాణ మండపానికి ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు పక్కన నిలబడ్డాడు. చెప్పులు బిగుతైపోతే విప్పి పక్కన పెట్టుకున్నాడు. గేటుకి అరటిచెట్లు కట్టారు. లోపల సన్నాయి వాయిస్తున్నారు. విడిది వైపు నుంచి దూరంగా డ్రమ్ము మోత మొదలైంది.

పట్టు కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి మండపంలోంచి వచ్చి సోడా కొట్టించుకున్నాడు. చెమట తుడుచుకుంటూ రామూర్తి వైపు చూసి నవ్వాడు.

"మీదీ ఊరేనాండీ?"

రామూర్తి తలాడించీ ఆడించనట్టు ఊరుకున్నాడు.

"నేను పెళ్ళికొడుక్కి బాబాయినండి. ఏర్పాట్లు చూద్దామని ముందొచ్చాను. ఒంట్లో బాగోలేదాండీ? ముఖం అదోలా ఉంది."

"నిద్ర నేదు బాబూ."

ఆ మనిషి సోడా తాగడం ఆపి, కొంచెం దగ్గరికి జరిగాడు.

"ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇటువైపు ఉద్దానమని ఊళ్ళున్నాయంట కదా, అక్కడ ఇంటింటికీ కిడ్నీ జబ్బంట కదా. ఈ జనార్దనరావుగారిదీ అక్కడేనని రైల్లో ఒకాయన అన్నాడండి. మాతో కాశీబుగ్గేనన్నారు. మా అన్నయ్యకి చెప్పాలా వద్దా అని పొద్దున్నుంచీ నలిగిపోతున్నాను. చెబితే తాళి కట్టకముందే చెప్పాలి కదండీ."

రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యెత్తక్కర్లేదు. అవునండి, మాది ఒకటే ఊరు అంటే చాలు. ఈ పందిరి ఈ పూటే లేచిపోతుంది. తన ముఖం చాటుచేసి వాళ్ళు కట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో కూలుతుంది.

అప్పుడే మేళం వీధి మలుపు తిరిగింది. కోట్లు బాగా కుదిరాయి. ముందు తారకేశ్వరరావు బెత్తం ఎత్తి నడుస్తున్నాడు, భుజం దగ్గర ఒక్క ముడత కూడా పడలేదు. వాడి చూపు కిళ్ళీకొట్టు మీద పడింది. పట్టు కండువా మనిషి, అతని చెవి దగ్గర మావ. వాడి బెత్తం గాల్లోనే ఆగిపోయింది. వెనక ట్రంపెట్లు తడబడ్డాయి. దాలయ్య ఒక దెబ్బ వదిలేశాడు.

అందరూ రామూర్తి వైపే చూస్తున్నారు. అతను కోరుకున్నదదే. కాని వాళ్ళు చూస్తున్నది అతని చేతి వైపు కాదు, నోటి వైపు. పామును చూసినట్టు చూస్తున్నారు. తన పిల్లలు, తను నేర్పినవాళ్ళు, తనకి భయపడుతున్నారు. మేళంలోంచి తీసేసినప్పటికంటే ఇప్పుడు ఎక్కువ నొప్పి పుట్టింది.

"నాది నౌపడ బాబూ" అన్నాడు రామూర్తి. "ఉప్పుమడుల్లో పని. ఎండకి మొకం ఇలగైపోద్ది. జనార్దన్రావు గారోళ్ళు కాశీబుగ్గోళ్ళే. ఆళ్ళ తాతల కాడినుంచీ ఇక్కడే."

"నిజంగానాండీ?"

"మేం పప్పు కోసం వొచ్చీవోళ్ళం కదా, నాకు తెలీదేటి."

పెద్దమనిషి గట్టిగా ఊపిరి వదిలాడు. రామూర్తి భుజం తట్టాడు. మేళం మళ్ళీ ఎత్తుకుంది. తారకేశ్వరరావు నడుస్తూనే బెత్తాన్ని ఒక్కసారి నుదుటికి ఆనించుకున్నాడు. ఆ దణ్ణం ఎవరికో మగపెళ్ళివారికి తెలియదు. రామూర్తికి తెలిసింది, తెలిసి ఒళ్ళు మండిపోయింది.

"బ్యాండు భలేగా ఉందండి. ఎవరు నేర్పారో గాని" అన్నాడు పెద్దమనిషి, ఇప్పుడు తీరిగ్గా.

"ఒక మేస్టరుండీవోడు."

"ఆ ముందున్న కుర్రాడేనా?"

"కాదు బాబూ. ఆ మేస్టరు పోనాడు."

"అయ్యో, ఏమైందండీ?"

దాలయ్య డ్రమ్ము ఇద్దరి పక్కనుంచే వెళుతోంది. దాలయ్య రోడ్డు వైపు చూస్తూ కొడుతున్నాడు. అతని చెంపలు తడిసి ఉన్నాయి. చెమటో ఏమో రామూర్తి పట్టించుకోలేదు.

"పెద్దోడైపోనాడు. నిద్దట్లోనే పోనాడు" అన్నాడు. కాస్త ఆగి, "ఏ జబ్బూ నేదు" అని కూడా చేర్చాడు.

"అదృష్టవంతుడండి" అన్నాడు పెద్దమనిషి.

మేళం మండపంలోకి వెళ్ళిపోయింది. వెనకే మగపెళ్ళివారు, కారులో పెళ్ళికొడుకు, అతని పక్కన చిన్నపిల్లలు. వీధిలో పూలరేకులు, సిగరెట్టు పెట్టెలు మిగిలాయి. రామూర్తి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకోబోతే దూరలేదు. చేత్తో పట్టుకున్నాడు. కాసులమ్మ తలుపు తీసి ఏమైందని అడుగుతుంది. ఆవిడకేం చెప్పాలో అతనికి తోచలేదు. వాళ్ళు తనని ముందునుంచి తప్పించారు, సరే. బతికుండగానే తనని చంపింది మాత్రం తను. పైగా ఆ చావు పదిమందిలో చెప్పుకోవడానికి బాగుండేలా చూసుకున్నాడు.

బస్టాండు వైపు రెండడుగులు వేశాడో లేదో పెద్దమనిషి వెనకనుంచి పిలిచాడు.

"భోంచేసి వెళ్ళండి."

"ఒద్దు బాబూ, బస్సుంది."

"అయితే ఆగండి. మా వ్యాను సామాన్లకి టెక్కలి వెళుతోంది. నౌపడ అక్కడికి దగ్గరేనంట కదా, దించేస్తాడు. మీరు నాకు చేసిన మేలుకి ఈ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

రామూర్తి వద్దన్నాడు. పెద్దమనిషి వినలేదు. వ్యాను వచ్చి పక్కనే ఆగింది. ఆయన తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఇంకా కాదంటే ఎందుకని అడుగుతాడు. గేటు దగ్గరికి వచ్చిన తారకేశ్వరరావు ఎర్రకోటులో నిలబడి చూస్తున్నాడు. వాడికి తెలుసు ఎర్రమెట్ట ఒక వైపు, టెక్కలి ఇంకో వైపని. ఒక్క అడుగు ముందుకి వేశాడు, లోపలినుంచి ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగాడు.

రామూర్తి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. పెద్దమనిషి రెండు చేతులూ జోడించాడు. వ్యాను హైవే ఎక్కింది. కొబ్బరితోటలు, జీడితోటలు వెనక్కి పోయాయి. డ్రైవరు రాజమండ్రివాడు, కబుర్లమారి. పెళ్ళి గురించి, భోజనాల గురించి మాట్లాడి మాట్లాడి అడిగాడు.

"నౌపడలో ఎక్కడ దించమంటారండీ? ఇంటి దాకా తీసుకెళ్ళమన్నారు."

నౌపడలో అతనికి తెలిసినవాళ్ళెవరూ లేరు. "ఎక్కడైనా పర్లేదు బాబూ" అన్నాడు రామూర్తి.